మళ్ళీ అడిగే సిస్టరమ్మ

పోయిన వారం బీపీ చూపించుకోవడానికి దవాఖానకు వెళ్లాను. వరుసలో కూర్చుని ఉంటే, పక్కనే ఒక చిన్న వయసు నర్సు ఫోనులో డాక్టరుతో మాట్లాడుతోంది. "సర్, మళ్ళీ చెప్తున్న, కరెక్టేనా చూడండి" అని, విన్నదంతా మొదటి నుంచి ఒప్పజెప్పింది. అవతలి ఆయన విసుక్కున్నట్టున్నాడు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. అయినా చివరి ముక్క దాకా చెప్పి, ఆయన ఔననే వరకు ఫోను పెట్టలేదు.

నాకు మా సిస్టరమ్మ గుర్తొచ్చింది. ఆమె చనిపోయి చాలా కాలం కాలేదు. కాని ఇన్నాళ్లలో ఇంత స్పష్టంగా ఆమె గొంతు నాకు వినపడటం అదే మొదలు.

ఆమెకు ఒక పేరుంది. మా కొత్తవాడలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. పెద్ద దవాఖానలో నర్సుగా చేసి, రిటైరైన తర్వాత మా ఇంటి పై పోర్షనులోకి కిరాయికి వచ్చింది. మనిషి పొట్టి. నడక మాత్రం ఎక్కడో బెల్లు మోగినట్టు, ఎవరో పిలిచినట్టు ఉండేది. వచ్చిన రోజే మా అత్తమ్మ ఇంటి సంగతులన్నీ చెప్పింది. "నల్లా పొద్దుగాల వస్తది. మోటరు మేమే ఏస్తం. మెట్ల కాడ గేటుకు గొళ్లెం పెట్టాలె. మగ్గం కాడికి చెప్పులతోని రావద్దు."

ఆమె అంతా విని, "అమ్మా, మళ్ళీ చెప్త, ఇనుండ్రి" అని, నల్లా నుంచి చెప్పుల దాకా ఒక్కటి వదలకుండా తిరిగి చెప్పింది. "గంతేనా? ఇంకేమన్న ఉన్నదా?"

ఆమె పైకి వెళ్లాక మా అత్తమ్మ నా వైపు చూసి, "నన్ను ఎక్కిరించిందా ఏంది?" అంది.

వెక్కిరింపు కాదని తర్వాత తెలిసింది. ఆమె అందరితో అంతే. పాలబ్బాయితో అంతే, ఆటో అతనితో అంతే. "పోచమ్మమైదాన్ మీదికెళ్లి పోయి, ఎడమ దిక్కు తిప్పి, స్కూలు ముంగట ఆపుతవు. అంతేనా?" అంటే ఆటో అతను నవ్వేవాడు. "నువ్వు చెప్పిందే గదమ్మా." "ఔ, నువ్వు ఇన్నదేందో తెల్వాలె గద."

ఒకసారి అడిగాను, ఈ అలవాటు ఎక్కడిదని. వార్డులో నేర్చిన అలవాటని చెప్పింది. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక డాక్టరు ఒక మందు రాశాడట. మోతాదు ఎక్కువనిపించి అడిగింది. ఆయన రాసిందే సరి అన్నాడు. మళ్ళీ అడిగింది. ఆయనకు కోపం వచ్చింది. మూడోసారి కూడా అడిగేసరికి, వార్డులో అందరి ముందూ పుస్తకం తెప్పించి, పేజీ తెరిచి చూపించాడట.

"ఎవరిది కరెక్టు?" అన్నాను ఆత్రంగా.

"ఆయనదే. గా రోగానికి గంత మోతాదు ఇయ్యాల్సిందే. నాకు తెల్వదు." ఆమె పకపకా నవ్వింది. "వార్డు బాయ్‌లు గూడ నవ్విన్రు. నా పరువు పోయింది. గాని పేషెంటుకేం పోలే గద బిడ్డా."

ఆ నవ్వు చూశాకే ఆమె మీద నాకు అసలైన ఆసక్తి పుట్టింది. తప్పని తేలిన ప్రశ్నను కూడా అంత గర్వంగా చెప్పుకునే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. మా ఆయన, మా మామ కింద మగ్గం మీద ఉంటే, రంగు వేసిన నూలును మిద్దె మీద దండేలకు ఆరబెట్టడం నా పని. నేను నూలు తిరగేసేటప్పుడు ఆమె తన గది ముందు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని బైబిలు చదువుతూ ఉండేది. ఎప్పుడు చూసినా ముందు సగంలోనే ఉండేది వేలు. యేసు రాక ముందటి కథలు, పాత నిబంధన. "వెనక సగం చదవరా?" అని అడిగితే, "అది చర్చిల చెప్తరు. ఇదే నాకు సమజ్ గాదు, అందుకే ఇది చదువుత" అంది.

మేం ఆ మతం వాళ్లం కాదు. మా ఇంట్లో దేవుళ్లు చాలామందే ఉన్నారు. వరాలిస్తారు, కోపం వస్తే జ్వరాలిస్తారు, ఏడాదికోసారి బోనం అడుగుతారు. కాని పొద్దున లేవగానే మనిషికి పని పురమాయించే దేవుడు నాకు కొత్త. ఊరు విడిచి పో అంటాడు. ఓడ కట్టు అంటాడు. ఫలానా రాజు దగ్గరికి పోయి నా మాటగా చెప్పు అంటాడు. ఆ మనుషులు ఏం చేస్తారో, ఎవరు చేస్తారో, ఎవరు తప్పించుకుంటారో వినాలని నాకు ఆత్రంగా ఉండేది. నూలు ఆరాక కూడా కిందికి దిగేదాన్ని కాదు.

ఆమె ఆ కథలన్నీ పేషెంట్ల సంగతులు చెప్పినట్టే చెప్పేది.

"నయమాను అని ఒక సేనాధిపతి. ఒంటినిండ కుష్టు. ప్రవక్త ఇంటి ముంగట రథం ఆపిండు. ఆ ప్రవక్త బయటికి గూడ రాలే. మనిషిని పంపి, పోయి నదిల ఏడుసార్లు మునుగుమన్నడు. ఈయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎందుకో చెప్పు?"

"నీళ్లు సల్లగున్నయని?"

"గాదు. పెద్ద వైద్యం చేస్తడనుకున్నడు. చెయ్యి ఆడిచ్చి, మంత్రం జదివి. మా ఓపీల గూడ గదే కథ. సూది ఇయ్యకుంటే డాక్టరే గాదంటరు. సబ్బుతోని చేతులు కడుక్కోమను, ముఖం ముడుచుకుంటరు. కష్టమైన పని చెప్తే చేస్తరు బిడ్డా, అల్కటి పని చెప్తే చెయ్యరు."

ఆమెకు ఇష్టమైన వాళ్లు వేరే ఉన్నారు. చెప్పగానే తల వంచినవాళ్లు కాదు, నసిగినవాళ్లు. మోషే అంటే ప్రాణం. మంట మండే పొద లోంచి దేవుడు పిలిచి పని చెప్తే, నేనెవణ్ని, వాళ్లు నన్ను నమ్మరు, నాకు నోరు తిరగదు, ఇంకెవరినన్నా పంపు అని సాకు మీద సాకు చెప్పాడట. యోనా అయితే తూర్పుకు పొమ్మంటే పడమర ఓడెక్కాడు. ఉన్ని బొచ్చు నేల మీద పరిచి, రేపు పొద్దునకు ఇది తడవాలె, నేల తడవొద్దు అని పరీక్ష పెట్టి, అది జరిగాక మర్నాడు నేల తడవాలె, ఇది తడవొద్దు అని మళ్ళీ అడిగినవాడు గిద్యోను. ఆయన కథ చెప్పేటప్పుడు ఆమె కళ్లు మెరిసేవి. "చూసినవా? రెండుసార్లు అడిగిండు. దేవుడు ఒక్క మాట గూడ అనలే. మా డాక్టర్ కన్న నయం."

నోవహు మీద మాత్రం చిన్న చూపు ఉండేది. "మంచోడే. చెప్పింది చెప్పినట్టు చేసిండు. గాని లోకమంత మునుగుతదని తెలిసి, పక్కింటోళ్ల కోసం ఒక్క మాట అడగలే. అబ్రాహాము అడిగిండు. సొదొమ ఊరును కాలవెడత అని దేవుడంటే, యాభై మంది మంచోళ్లుంటేనో, నలభై మంది ఉంటేనో అని కూరగాయల కాడ బేరమాడినట్టు పదిమంది దాకా దించిండు. గట్ల ఉండాలె."

"అబ్రాహాము అంటే, కొడుకును బలియ్యబోయినాయనే గదా?" అన్నాను. ఎక్కడో విన్నాను ఆ సంగతి.

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఔ. ఆ కథ నేను చెప్ప."

"ఎందుకు?"

"చెప్పరాదు నాకు" అని పేజీలు తిప్పేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అంతే. ఊరివాళ్ల కోసం అన్ని మాటలు బేరమాడినవాడు కన్నకొడుకు దగ్గరికి వచ్చేసరికి నోరు ఎందుకు తెరవలేదో ఆమెకూ అంతుపట్టలేదనుకుంటా. సౌలు రాజు కథ కూడా సగంలో ఆపేది. శత్రువుల ఊళ్లో మనుషులను, పశువులను కూడా మిగల్చొద్దని ఆజ్ఞ. సౌలు మంచి పశువులను మిగిల్చి, బలి ఇవ్వడానికే ఉంచానన్నాడు. మాట వినడం బలి కంటే మేలని ప్రవక్త కోప్పడ్డాడు. "మాట ఇనాలె, నిజమే. గాని ఆ ఆర్డరుకు నా మనసు ఒప్పుకోదు. పైకి పోయినంక అడుగుత" అనేది. అడుగుతుందని నాకు నమ్మకమే.

ఒకరోజు కింద మగ్గం దగ్గర మా మామ ఎవరి మీదో అరుస్తున్నాడు, "చెప్తే ఇంటలేడు" అని. ఆమె చెవి అటు పెట్టి, "ఇంటలేడు అంటే చెవులు లేవని గాదు గద, చెప్పింది చేస్తలేడని. యూదుల భాషల గూడ గంతేనట. ఇనుడు, చేసుడు, రెంటికీ ఒకటే మాటట. మా పాస్టరు చెప్పిండు" అంది. మన భాషలోనూ అట్లాగే ఉందని అప్పటిదాకా నేను గమనించనే లేదు.

ఇదంతా మిద్దె మీది కాలక్షేపమే అనుకునేదాన్ని, మా ఆడబిడ్డ రజిత ఫోను వచ్చే దాకా.

రజితను హసన్‌పర్తిలో ఇచ్చాం. దానికి ఒక్కతే బిడ్డ, శ్రీజ. ఆ పిల్లకు ఫిట్స్ వచ్చేవి. హన్మకొండలో డాక్టరు గోలీలు రాశాడు, అవి వేసుకుంటుంటే చాలా రోజులుగా రావడం లేదు. రజిత మొక్కని దేవుడు లేడు, తిరగని గుడి లేదు. ఆఖరికి పక్కింటామెతో ప్రార్థనలకు పోవడం మొదలుపెట్టింది. దానికి అక్కడ మనశ్శాంతి దొరికింది. మేమెవరం కాదనలేదు.

ఆ రోజు పొద్దున ఫోనులో మామూలుగానే మాట్లాడుతూ, "వదినా, శ్రీజకు గోలీలు బంద్ చేసిన" అంది.

"అదేందే?"

"దేవుడు చెప్పిండు."

బయటి ఊరి నుంచి ఎవరో బోధకుడు వచ్చాడట. ఒక చేతిలో గోలీలు, ఒక చేతిలో దేవుడు ఉంటే అది విశ్వాసం కాదన్నాడట. అబ్రాహాము కొడుకునే ఇవ్వడానికి సిద్ధపడ్డాడు, నువ్వు గోలీలు వదలలేవా అన్నాడట. నేను ఎంత మొత్తుకున్నా రజిత వినలేదు. ఏడుస్తూ మెట్లెక్కాను.

సిస్టరమ్మ గది ముందు కూర్చుని చిక్కుడుకాయ తుంచుతోంది. నేను చెప్పిందంతా విని, మామూలు ప్రకారం తిరిగి చెప్పింది. గోలీల పేరు అడిగింది. ఎప్పుడు ఆపిందో అడిగింది. ఆ జవాబు విన్నాక ఆమె చేతులు ఆగాయి. "గా గోలీలు ఒక్కసారిగ ఆపొద్దు. మస్తు డేంజర్." తర్వాత నా ముఖంలోకి చూసి, "నన్ను రమ్మంటానవా?" అంది.

"జర రాండ్రి సిస్టరమ్మా."

చిక్కుడుకాయ అట్లాగే వదిలేసి చీర మార్చుకుంది. బస్సులో హసన్‌పర్తి దాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది. దిగే ముందు మాత్రం, "వద్దు వద్దు అనుకున్న కథే ముంగటికి వచ్చింది" అంది.

రజిత మమ్మల్ని చూసి గడపలోనే బిగుసుకుపోయింది. పిల్ల లోపల టీవీ ముందు కూర్చుని ఉంది. మంచినీళ్లు ఇచ్చి, మేం అడగకముందే అంది. "నన్ను తిట్టడానికి వచ్చిన్రా? మీరు గూడ ప్రార్థన చేసేటోళ్లే గద సిస్టరమ్మా. దేవుని మాట ఇనాల్నా, వద్దా?"

"ఇనాలె. ఎవరికి చెప్పిండు, నీకా?"

"అయ్యగారికి చెప్పిండు."

"అబ్రాహాముకు ఎవరు చెప్పిన్రు? వేరే ఊరు నుంచి ఎవరన్న వచ్చి చెప్పిన్రా?"

రజిత మంచినీళ్ల గ్లాసులు తీసి పక్కన పెట్టింది.

"సరే. కొండ మీద ఏమైంది, చెప్పు. నాకు ఆ కథ రాదు. నువ్వే చెప్పు."

రజిత చెప్పింది. కట్టెలు పేర్చాడు, కొడుకును కట్టాడు, కత్తి ఎత్తాడు, అప్పుడు పై నుంచి పిలుపు వచ్చింది, ఆగు, పిల్లవాని మీద చెయ్యి వెయ్యకు అని.

"మరి ఎన్నిసార్లు మాట్లాడిండు?" అంది సిస్టరమ్మ.

"రెండుసార్లు."

"మొదటి మాట ఒక్కటే ఇని, రెండోది ఇనకపోతే ఏమైతుండె?"

రజిత లోపల టీవీ ముందున్న పిల్ల వైపు చూసింది.

"నేను ఇన్నేండ్లు గా కథ చదవలేకపోయిన తల్లీ. ఇయ్యాల బస్సుల కూసోని ఒక్క ముచ్చట సమజైంది. కత్తి ఎత్తినోడు ఎవరన్న చెవులు మూసుకుంటడు. ఇగ ఏం ఇనొద్దు, చేసెయ్యాలె అనుకుంటడు. ఆయన మూసుకోలే. చెయ్యి పైన ఉన్నది, చెవి తెరిచే ఉన్నది. నీ చెవి తెరిచి ఉన్నదా?"

"నాకు ఆగు అని వినపడలే" అంది రజిత మొండిగా. కళ్లలో నీళ్లు. "వినపడితే ఆగుత."

"అయితే మళ్ళీ అడుగుదాం. నువ్వు అడుగు, నేను గూడ అడుగుత. గాని అడిగి జవాబు వచ్చేదాక గోలీ ఇయ్యి. మా వార్డుల గదే పద్ధతి. కొత్త ఆర్డరు మీద అనుమానం ఉంటే, తేలేదాక పాత ఆర్డరే నడుస్తది."

రజిత ముఖంలో ఏదో కదిలింది. ఒప్పుకుంటుందనే అనుకున్నాను. కాని అది కొంగుతో ముఖం తుడుచుకుని, "మీకు విశ్వాసం తక్కువ సిస్టరమ్మా" అంది. ఆ మాట ఆమెకు తగిలింది. నేను చూశాను. ఆమె లేచి, పిల్ల దగ్గరికి పోయి తల నిమిరి, తన ఫోను నంబరు రజిత ఫోనులో ఎక్కించి, "ఎప్పుడన్న చెయ్యి" అని బయటికి వచ్చేసింది.

ఇంటికి వచ్చాక మా ఆయన ఒక ఉపాయం చెప్పాడు. పిల్లను నాలుగు రోజులు కొత్తవాడకు తెచ్చి, పాలల్లో గోలీ నూరి ఇద్దాం, రజితకు తెలియనివ్వొద్దు అని. నాకూ అదే మంచిదనిపించింది. సిస్టరమ్మ ఒప్పుకోలేదు. "తల్లికి తెల్వకుండ వద్దు. ఇయ్యాల మనం ఇస్తం, రేపు ఇంటికి పోయినంక ఎవరిస్తరు? ఆమెనే ఇనాలె." ఆ తర్వాత సాయంత్రమంతా కుర్చీలో కూర్చునే ఉంది, బైబిలు తెరవకుండా. నేను టీ తీసుకుపోతే, "తప్పు చేసిన్నేమో బిడ్డా. పోలీసోళ్లకు చెప్పన్న గోలీ మింగియ్యాల్సి ఉండె. మాటలతోని ఏమైతది?" అంది. ఆమె నోట అంత బెదురు నేను ఎప్పుడూ వినలేదు.

మర్నాడు మధ్యాహ్నం. నేను మిద్దె మీద ఎర్ర నూలు తిరగేస్తున్నాను. ఆమె ఫోను మోగింది. ఆమె ఎప్పుడూ స్పీకరులోనే పెట్టి మాట్లాడేది. రజిత కేక మిద్దె అంతా వినపడింది.

"సిస్టరమ్మా! బిడ్డ కొట్టుకుంటాంది. ఏం చెయ్యాలె? ఏం చెయ్యాలె?"

"రజితా." అది మా సిస్టరమ్మ గొంతులాగే లేదు. అంత గట్టిగా, అంత నిదానంగా. "ఏడువకు. నేను చెప్పేది మళ్ళీ నాకు చెప్పుకుంట చెయ్యి. పిల్లను పక్కకు తిప్పు."

"పక్కకు... పక్కకు తిప్పుతాన్న."

"నోట్ల ఏం పెట్టకు. చెంచ వద్దు, నీళ్లు వద్దు."

"నోట్ల ఏం పెట్ట."

"చేతుల తాళంచెవులు పెట్టిన్రా?"

"మా అత్త పెట్టింది."

"తీసెయ్. గట్టిగ పట్టుకోకు. తల కింద బట్ట పెట్టు, మెడ కాడ గుండీ ఇప్పు."

"తీసేసిన. పట్టుకుంటలేను. బట్ట పెట్టిన. గుండీ... గుండీ ఇప్పిన."

మాట్లాడుతూనే ఆమె నా వైపు చూసి, వేళ్లతో సైగ చేసింది. నేను నా ఫోనులో 108కి చేశాను. ఊరు, ఇల్లు, గుర్తులు చెప్పాను. వాళ్లతో మళ్ళీ చెప్పించుకున్నాను. అవతల రజిత ఒక్కొక్క మాటా ఒప్పజెప్తూనే ఉంది. దాని ఏడుపు ఆ మాటల కిందికి అణిగిపోయింది. అంబులెన్సు శబ్దం ఫోనులో వినపడే దాకా సిస్టరమ్మ దాన్ని వదలలేదు.

మేం దవాఖానకు వెళ్లేసరికి శ్రీజకు సూదులు ఇచ్చి పడుకోబెట్టారు. పిల్ల ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది. కుర్ర డాక్టరు రజితను అందరి ముందూ కడిగేస్తున్నాడు. సిస్టరమ్మ ఆయనకూ రజితకూ నడుమ పోయి నిలబడింది. "తిట్టుడు తర్వాత, సర్. ఇంటికి పోయినంక గోలీలు ఎట్లెట్ల ఇయ్యాల్నో ముందుగాల చెప్పుండ్రి." ఆయన చెప్పాడు. ఆమె మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ చెప్పాడు. ఈసారి రజిత దాన్ని తప్పు లేకుండా తిరిగి చెప్పింది.

పిల్ల కళ్లు తెరిచి అన్నం అడిగాక, వరండాలో రజిత ఆమె పక్కన కూలబడింది. "అబ్రాహాముకు ఆగు అని చెప్పిండు గద. నాకు ఎందుకు చెప్పలే సిస్టరమ్మా?"

"నిన్న నేనే గద వచ్చి ఆగు అని చెప్పింది" అంటుందేమో అని నేను సిస్టరమ్మ ముఖం చూశాను. నేనైతే అనేదాన్నే. ఆమె అనలేదు. "నాకు తెల్వదు" అంది. రజిత ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది.

శ్రీజకు మళ్ళీ ఫిట్స్ రాలేదు. గోలీలు నెమ్మదిగా తగ్గించి, కొన్నేళ్లకు డాక్టరే మాన్పించాడు. ఇప్పుడు అది కాలేజీకి పోతోంది. రజిత ప్రార్థనలు మానలేదు. ఆ బోధకుడు ఇంకోసారి వచ్చినప్పుడు సిస్టరమ్మను వెంటబెట్టుకుని వెళ్లింది. దేవుడు నాతో చెప్పాడు అని ఆయన మొదలుపెట్టగానే, సిస్టరమ్మ బడిలో లాగా చెయ్యి ఎత్తిందట. "అయ్యగారూ, అచ్చంగ ఏం మాటలన్నడో మళ్ళీ ఒకసారి చెప్పుండ్రి" అందట. ఆయన తడబడి, అంటే నాకు అట్లా అనిపించింది అన్నాడట. "అనిపిచ్చుడు వేరు, చెప్పుడు వేరు గద. అనిపిస్తే అనిపిచ్చిందనే చెప్పుండ్రి. మా పిల్లలు మీ మాట ఇంటరు" అని కూర్చుందట. ఆ బోధకుడు ఆ రోజు త్వరగానే ముగించాడని, పోయేటప్పుడు శ్రీజ ఎట్లా ఉందని అడిగాడని రజిత నాకు చెప్పింది.

ఆమె చివరి రోజుల్లో ఊపిరితిత్తులు పాడై, మెట్లు దిగలేకపోయేది. దవాఖానలో ఉండనంది. మధ్యాహ్నాలు నేను పక్కన కూర్చునేదాన్ని. చదవడానికి కళ్లు సహకరించక నన్ను చదవమనేది. నాకు నోరు తిరగని పేర్లు వస్తే నవ్వేది, నవ్వితే దగ్గు వచ్చేది.

ఒక మధ్యాహ్నం చిన్న పిల్లవాడు సమూయేలు కథ చదివాను. పడుకున్న పిల్లవాణ్ని దేవుడు పేరు పెట్టి పిలుస్తాడు. వాడు, ముసలి గురువు పిలిచాడనుకుని లేచి ఉరుకుతాడు. నేను పిలవలేదు, పోయి పడుకో అంటాడు ఆయన. మళ్ళీ పిలుపు, మళ్ళీ ఉరుకుడు. చదవడం ఆపి, ఎన్నాళ్లుగానో నాలో ఉన్న మాట అడిగాను.

"సిస్టరమ్మా, మీకు ఎప్పుడన్న ఆయన మాట ఇనపడ్డదా?"

ఆమె కళ్లు మూసుకునే ఉంది.

"లేదు బిడ్డా. ఒక్కసారి గూడ లేదు."

నేను నమ్మలేకపోయాను. జీవితమంతా ఆ కథల్లోనే బతికిన మనిషి. "నిజంగనా?"

"ఎందుకు అబద్ధం చెప్త? చిన్నప్పుడు మస్తు చూసిన. పండుకుని చెవులు రిక్కిచ్చుకుని చూసిన. ఇనపడలే. తర్వాత తర్వాత ఫికర్ చెయ్యలే."

"మరి ఆ రోజు హసన్‌పర్తికి పోవాల్నని మీకు ఎవరు చెప్పిన్రు? నేను అనుకున్న, మీకు లోపల ఏదో..."

ఆమె కళ్లు తెరిచి నా వైపు తిరిగింది. నేనేదో తెలిసిన సంగతినే అడుగుతున్నట్టు చూసింది.

"నువ్వే చెప్పినవ్ గద" అంది. "ఏడ్చుకుంట మెట్లెక్కి వచ్చినవ్. రమ్మంటానవా అని నేను మళ్ళీ అడిగిన గూడ."